ఎందుకు? ఎలాగు? : దొంగచుక్క



చార్మినారు దగ్గర నిలబడి పడమటి ముఖంగా తిరిగితే, గాజుల అంగళ్ళతో తళతళలాడే లాడ్ బజారు కనిపిస్తుంది. ఆ బజారు వెంట తిన్నగా నడిస్తే మహబూబ్ చౌక్ గడియార స్తంభం వస్తుంది. అది 1892 నాటిది. దాన్ని దాటి మరికాస్త ముందుకు పోతే హుస్సేనీ ఆలం. మా అక్కయ్యగారి ఇల్లు ఆ పేటలోనే, ఒక సన్నపాటి సందులో ఉన్నది.

మొన్న జూన్ నెలలో ఒకనాడు నేను అక్కడికి వెళ్ళాను. భోజనాలయి కాస్త నడుం వాల్చుదామనుకుంటూ ఉండగా, తొమ్మిదో క్లాసు చదివే మా చిన్న మేనకోడలు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"మామయ్యా, నువ్వు వెంటనే చాచా దుకాణానికి రావాలి. అక్క దరఖాస్తులో దొంగచుక్క పడింది!" అన్నది.

"దొంగచుక్క ఏమిటే?" అన్నాను.

"వస్తే నీకే తెలుస్తుంది," అంటూ నా చెయ్యి పట్టుకుని లాగింది.

చాచా దుకాణం సందు మొదట్లోనే ఉన్నది. అందులో ఒక కంప్యూటరు, ఒక జిరాక్సు యంత్రం, ఒక లేజర్ ప్రింటరు ఉన్నాయి. చాచా బడిపిల్లల దరఖాస్తులూ, హాల్ టిక్కెట్లూ అచ్చు వేసి ఇస్తాడు. చిన్న చిన్న పెళ్ళిళ్ళకు రుక్కాలు కూడా వేస్తాడు. పాతబస్తీలో పెళ్ళి పిలుపు కాగితాన్ని రుక్కా అంటారు.

మేము వెళ్ళేసరికి పెద్దమ్మాయి మొహం వేలాడేసుకుని నిలబడి ఉన్నది. ఆమె ఇంటరు ప్యాసయింది. కాలేజీ దరఖాస్తు ఆ రోజు నాలుగు గంటలలోగా ఇచ్చెయ్యాలి. అప్పటికే రెండు దాటింది.

నేను కాగితం అందుకుని చూశాను. లెక్కల్లో 95 మార్కులు. అయితే 9కీ 5కీ నడుమ ఒక నల్లటి చుక్క! ఇంకేముంది? 95 కాస్తా 9.5 అయి కూర్చున్నది.

"ఇంకొకటి వెయ్యలేకపోయారా?" అని అడిగాను.

"వేశాం మామయ్యా!" అంటూ చిన్నమ్మాయి రెండో కాగితం చూపింది. అందులో 95 బాగానే ఉన్నది గాని, చుక్క వెళ్ళి ఫోటోలో అక్క బుగ్గమీద కూర్చున్నది, దిష్టిచుక్క పెట్టినట్టు! మూడో కాగితంలో అది మరొక చోట పడింది.

చాచా తల పట్టుకున్నాడు. "పొద్దుగాల నుంచి ఇదే పరేషాన్ బాబూ. రెండు వందల రుక్కాలు ఆగిపోయినయి. మెకానిక్ రేపు గాని రాడు. లోపల సామాను మార్చాలంటే వేల రూపాయల పని. తెలుగులో చుక్క పడితే మచ్చ అనుకుంటరు, పోనీ అంటరు. ఉర్దూలో చుక్క పడితే మాటే మారిపోతది!" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఉర్దూలో చాలా అక్షరాల ఆకారం ఒక్కటే. చుక్కలను బట్టి అవి వేరవుతాయి. "రహ్మ్" అంటే దయ. అందులో మొదటి అక్షరం మీద ఒక చుక్క, రెండో అక్షరం మీద ఒక చుక్క పెడితే అది "జఖ్మ్" అవుతుంది. అంటే గాయం. మనం జఖం అంటామే, అదే. పెళ్ళి రుక్కాలో దయ గాయమైతే ఎవరు ఊరుకుంటారు?

"మా దాదా కాతిబు. చేత్తోటి రాసేటోడు. ఒక్క చుక్క తప్పు పడిందంటే కాగితమంతా మళ్ళ రాసేటోడు," అన్నాడు చాచా.

నేను చిన్నమ్మాయి కేసి తిరిగి, "నీ దగ్గర స్కేలున్నదా? మనమే దొంగను పడదాం," అన్నాను.

మొట్టమొదట, పాడయిన కాగితాలు మూడూ బల్లమీద పక్కపక్కన పరిచాము. అంతదాకా అందరూ ఒక్క చుక్కనే చూశారు గాని, జాగ్రత్తగా వెతికితే ప్రతి కాగితంలోనూ మూడేసి చుక్కలున్నాయి! కొన్ని తెల్లటి చోట, కొన్ని అక్షరాల మధ్య. మూడూ ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. ఎడమ అంచు నుంచి కొలిస్తే అన్నిటికీ దూరం ఒక్కటే. చిన్నమ్మాయి చుక్కకూ చుక్కకూ నడుమ దూరం కొలిచింది.

"9.4 సెంటీమీటర్లు. ఇక్కడా 9.4. ఈ కాగితంలోనూ 9.4!" అన్నది ఆశ్చర్యంగా.

"మరి కంప్యూటరులోనే తప్పు పడి ఉంటే?" అన్నది పెద్దమ్మాయి.

"అప్పుడు చుక్క ప్రతి కాగితంలోనూ ఒకే చోట పడాలి గదా? ఇది ఒకసారి 95 మధ్య, ఒకసారి బుగ్గమీద పడుతున్నది. కాబట్టి దొంగ యంత్రంలోనే ఉన్నాడు. అయితే లోపల ఎవరెవరున్నారో తెలిస్తేగాని వాడెవడో తేలదు," అన్నాను.

మీకు కూడా తెలియాలి గనక, వాళ్ళకు చెప్పినదంతా ఇక్కడ చెబుతాను.

లేజర్ ప్రింటరుకు చదువు రాదు. దానికి "అ" అన్నా, "అలిఫ్" అన్నా, అక్క ఫోటో అన్నా ఒక్కటే. అది కాగితాన్నంతా సన్నని గళ్ళ కింద లెక్క వేసుకుంటుంది. ఈ గడిలో చుక్క పెట్టాలా, వద్దా? దానికి తెలిసిందల్లా ఇంతే. అంగుళానికి 600 చుక్కలు పెట్టే యంత్రమైతే, మనం మామూలుగా వాడే ఎ4 కాగితం మీద అడ్డంగా 4,960 గళ్ళు, నిలువుగా 7,016 గళ్ళు అవుతాయి. హెచ్చవేసి చూడండి: దాదాపు 3 కోట్ల 48 లక్షలు! ఇన్ని గళ్ళకూ యంత్రం రెండు మూడు క్షణాలలో "ఔను, కాదు" చెప్పేస్తుంది.

ఇంతకూ చుక్క పెట్టేదెలాగు? కలమూ లేదు, సిరా లేదు. ఉన్నది విద్యుచ్ఛక్తి, వెలుతురు, పొడి, వేడి.

యంత్రం మధ్యలో గొట్టంలాంటి డ్రమ్ము ఒకటి ఉంటుంది. అది అల్యూమినియంతో చేసినది. దాని మీద పల్చటి పూత ఉంటుంది. ఆ పూతకు ఒక వింత గుణం ఉన్నది. చీకట్లో అది విద్యుత్తును కదలనివ్వదు. వెలుతురు సోకిన చోట మాత్రం విద్యుత్తుకు దారి ఇచ్చేస్తుంది.

మొదట చీకట్లో డ్రమ్ము ఒంటినిండా ఋణ విద్యుత్తు పట్టిస్తారు. అది కొన్ని వందల వోల్టులు ఉంటుంది. తరువాత లేజర్ కిరణం వస్తుంది. ఈ కిరణం తనంత తాను అటూ ఇటూ తిరగదు. దాని ఎదుట అనేక ముఖాలు గల చిన్న అద్దం ఒకటి గిర్రున తిరుగుతూ ఉంటుంది, క్షణానికి కొన్ని వందల చుట్లు. అద్దం ఒక్కొక్క ముఖం కిరణాన్ని డ్రమ్ము మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక గీతగా నడిపిస్తుంది. నలుపు కావలసిన గడిలో కిరణం వెలుగుతుంది, తెలుపు ఉండవలసిన గడిలో ఆరిపోతుంది. ఒక గీత అయ్యేసరికి డ్రమ్ము వెంట్రుకవాసి ముందుకు తిరిగి ఉంటుంది. మళ్ళీ ఇంకొక గీత.

కిరణం వెలిగిన చోటల్లా పూతమీది విద్యుత్తు కిందనున్న అల్యూమినియంలోకి జారిపోతుంది. ఇప్పుడు డ్రమ్ము మీద అక్క దరఖాస్తంతా ఉన్నది. కాని కంటికి కనపడదు! అది విద్యుత్తుతో రాసిన రాత.

దాన్ని కనిపించేటట్టు చేసేది టోనరు పొడి. చాలామంది అది ఎండిన సిరా అనుకుంటారు. నిజానికి అది ప్లాస్టిక్కును మెత్తగా చేసి, నల్లని మసి కలిపిన పొడి. ఒక్కొక్క రేణువు మన తలవెంట్రుక మందంలో పదో వంతు ఉంటుంది. దువ్వెనతో పొడి జుట్టు దువ్వితే, ఆ దువ్వెన కాగితం ముక్కల్ని లాక్కుంటుంది చూడండి! ఆ విధంగానే టోనరు రేణువులు కూడా తన డబ్బాలో రాసుకుని రాసుకుని ఋణ విద్యుత్తు పుట్టించుకుంటాయి.

సజాతి విద్యుత్తులు ఒకదాన్నొకటి తరిమేస్తాయని మీరు బడిలో చదివే ఉంటారు. డ్రమ్ము మీద కిరణం సోకని చోట ఋణ విద్యుత్తు నిండుగా ఉన్నది. ఋణ విద్యుత్తుగల పొడి అక్కడికి పోతే "చోటు లేదు పో!" అని తరిమేస్తుంది. కిరణం సోకిన చోట విద్యుత్తు ఖాళీ అయింది గనక పొడి అక్కడ చేరి కూర్చుంటుంది. బస్సులో ఖాళీ అయిన సీట్లలోనే కొత్తవాళ్ళు కూర్చున్నట్టు అన్నమాట. (కొన్ని యంత్రాలలో ధన, ఋణాలు తారుమారుగా ఉంటాయి. కాని కిటుకు ఒక్కటే.)

ఇక కాగితం సంగతి. చిత్రం తయారైతే చాలదు, దాని కింద కాగితం సరిగ్గా అదే క్షణానికి వచ్చి చేరాలి. ఇందులో ఉన్న తెలివి చూస్తే మీరు ముక్కున వేలేసుకుంటారు.

అడుగున ట్రేలో కాగితాల దొంతర ఉంటుంది గదా? ఒక రబ్బరు రోలరు పైకాగితాన్ని పట్టి ముందుకు నెడుతుంది. రబ్బరుకు కాగితం మీద పట్టెక్కువ. కాని ఒక్కొక్కసారి పైకాగితంతో పాటు దాని కింది కాగితం కూడా బయలుదేరుతుంది. దాన్ని ఆపటానికి రోలరు కింద చిన్న రబ్బరు దిమ్మ ఒకటి పెట్టారు. పైకాగితాన్ని రోలరు ముందుకు లాగుతుంది. కిందికాగితాన్ని దిమ్మ వెనక్కి పట్టుకుంటుంది. కాగితానికీ కాగితానికీ నడుమ పట్టు తక్కువ గనక ఆ రెండూ విడిపోతాయి. ఒక్కటే లోపలికి పోతుంది.

చాచా కాగితాలు ట్రేలో పెట్టేముందు దొంతరను చేత్తో వంచి, పేకముక్కల్లాగా ఫర్రున విదిలిస్తాడు. అది ఊరికే చేసే అలవాటు కాదు. అంటుకున్న అంచులు విడిపోయి, మధ్యకు గాలి పోవాలని. వానాకాలంలో చెమ్మ పట్టిన కాగితాలు ఒకదాన్నొకటి వదలవు. అందుకే కట్ట విప్పిన కాగితాన్ని చాచా మళ్ళీ దాని సంచీలోనే చుట్టి దాస్తాడు.

ఒంటరిగా బయలుదేరిన కాగితం తిన్నగా డ్రమ్ము దగ్గరకు పోదు. దారిలో కదలకుండా నిలబడ్డ రోలర్ల జంట ఒకటి ఎదురవుతుంది. కాగితం ముక్కు వాటికి కొట్టుకుని ఆగుతుంది. వెనకనుంచి ఇంకా నెడుతూనే ఉంటారు గనక అది కొంచెం వంగి, అంచు అంతా సమంగా రోలర్లకు ఆనుకుంటుంది. వంకరగా వచ్చిన కాగితం తిన్నబడుతుంది. బడిలో ప్రార్థనకు ముందు పిల్లలందరినీ సున్నపు గీత దగ్గర నిలబెట్టి వరస సరిచేస్తారే, అలాగన్నమాట! తరువాత, డ్రమ్ము మీది చిత్రం మొదలు ఇంత దూరంలో ఉన్నదనగా, ఆ రోలర్లు తిరిగి కాగితాన్ని వదులుతాయి. చిత్రం తలా, కాగితం తలా సరిగ్గా కలుసుకుంటాయి.

అక్కడ కాగితం వెనకనుంచి ధన విద్యుత్తు పట్టిస్తారు. ఋణ విద్యుత్తుగల పొడి డ్రమ్మును వదిలి కాగితం మీదికి దూకుతుంది. అయినా అది ఇంకా పొడే! ఉఫ్ అని ఊదితే ఎగిరిపోతుంది. అందుకని చివరగా కాగితాన్ని రెండు రోలర్ల మధ్యకు పంపుతారు. వాటిలో ఒకటి సుమారు 200 డిగ్రీల వేడి మీద ఉంటుంది. రెండోది నొక్కిపెడుతుంది. ప్లాస్టిక్కు పొడి కరిగి కాగితపు పీచులలోకి అతుక్కుపోతుంది. లాడ్ బజారులో లక్క గాజులు చేసేవారిని చూడండి. లక్కను వేడిచేసి మెత్తబరిచి, అందులో మెరిసే రాళ్ళు అద్దుతారు. చల్లారాక రాళ్ళు కదలవు. ఇదీ అటువంటి పనే. అందుకే యంత్రంలోంచి అప్పుడే వచ్చిన కాగితం అప్పడంలాగా వెచ్చగా ఉంటుంది.

ఈ లోపల డ్రమ్ము మీద మిగిలిన పొడిని ఒక రబ్బరు అంచు గీకి తుడిచేస్తుంది. డ్రమ్ము మళ్ళీ విద్యుత్తు పట్టించుకుని కొత్త గీతలకు సిద్ధమవుతుంది.

ఇంతవరకూ విని చిన్నమ్మాయి ఒక ప్రశ్న వేసింది. చాలా మంచి ప్రశ్న.

"మామయ్యా, కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు గదా? ఇంత పెద్ద కాగితం పట్టే డ్రమ్ము ఈ చిన్న పెట్టెలో ఎలా పట్టింది?"

"పట్టలేదు. డ్రమ్ము చిన్నదే. ఒక కాగితం పూర్తయ్యేలోగా అది ఎన్నోసార్లు తిరుగుతుంది. ఒక పక్క రాస్తూ, ఒక పక్క అద్దుతూ, ఒక పక్క తుడుచుకుంటూ..."

నేను మాట ముగించకుండానే చిన్నమ్మాయి చప్పట్లు కొట్టింది. "అయితే డ్రమ్ము మీద ఒకచోట మచ్చ ఉంటే, అది తిరిగినప్పుడల్లా కాగితం మీద పడుతుంది! చుక్కకూ చుక్కకూ నడుమ దూరమే దాని చుట్టుకొలత!"

"భేష్! మరి చుట్టుకొలత తెలిస్తే వ్యాసం ఎలా తెలుస్తుంది?"

అది తొమ్మిదో క్లాసు పిల్లకు లెక్కా? 9.4ను 7తో హెచ్చవేసి, 22తో భాగించింది. "2.99! అంటే 3 సెంటీమీటర్ల మందంగల రోలరు ఎవరో వాడే దొంగ!" అన్నది.

చాచా ఇదంతా నోరు తెరుచుకుని విన్నాడు. "తెరిచి చూద్దామా?" అన్నాడు.

"ఇప్పుడే వద్దు. ముందు కరెంటు ఆపండి. వేడి రోలరు చల్లబడేదాకా పది నిమిషాలు ఆగుదాం. తొందరపడితే చెయ్యి కాలుతుంది," అన్నాను.

పెద్దమ్మాయి గడియారం కేసి చూసి ఉసూరుమన్నది. అప్పటికి రెండూ ముప్పావు. ఊరికే కూర్చోవటం దేనికని, ఈ యంత్రం పుట్టిన కథ చెప్పాను.

అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ అని ఒకాయన ఉండేవాడు. పేటెంటు కాగితాలకు నకళ్ళు తీయించటం ఆయన ఉద్యోగంలో భాగం. ఆ రోజుల్లో నకలంటే చేత్తో రాయాలి, లేదా ఫోటో తీయించాలి. ఆయనకు కీళ్ళనొప్పులు. "దీనికి సులువైన దారే లేదా?" అని ఆలోచించి సొంతంగా ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1938 అక్టోబరు 22న న్యూయార్కులోని ఆస్టోరియా పేటలో, ఒక అద్దెగదిలో, ఆయనా ఆయన సహాయకుడు ఓటో కోర్నై కలిసి గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో రుద్దారు. గాజుపలక మీద ఆనాటి తేదీ, ఊరుపేరు రాసి, దాన్ని జింకు పలక మీద పెట్టి దీపం వెలుతురు చూపారు. తరువాత ఒక మొక్క నుంచి తీసిన సన్నని పొడి చల్లి ఊదారు. అక్షరాలు మిగిలాయి! మైనపు కాగితం మీదికి వాటిని అద్దుకున్నారు. లోకంలో పొడితో వేసిన మొట్టమొదటి నకలు అదే.

అంత గొప్ప పని చేస్తే అందరూ ఎగబడి కొన్నారనుకుంటున్నారా? లేదు. ఇరవైకి పైగా కంపెనీలు అక్కర్లేదు పొమ్మన్నాయి. చివరకు హలాయిడ్ అనే చిన్న కంపెనీ దాన్ని తీసుకున్నది. ఈ పద్ధతికి గ్రీకు భాష నుంచి "పొడి రాత" అనే అర్థం వచ్చేట్టు ఒక పేరు పెట్టారు. ఆ పేరులోంచి వచ్చినదే జిరాక్సు. 1959లో వారి మొదటి పెద్ద యంత్రం బయటికి వచ్చింది. దాని బరువు దాదాపు మూడు వందల కిలోలు.

జిరాక్సు యంత్రం ఎదుట ఉన్న కాగితానికి నకలు తీస్తుంది. మరి లేజర్ ప్రింటరు? ఆ ఊహ అదే కంపెనీలో పనిచేసే గేరీ స్టార్క్‌వెదర్‌కు తోచింది. "కాగితం మీద పడి తిరిగివచ్చే వెలుతురుకు బదులు, కంప్యూటరు చెప్పినట్టు వెలిగే ఆరే లేజరుతో డ్రమ్ము మీద తిన్నగా రాస్తేనో?" అనుకున్నాడు. పైవారు మెచ్చుకోలేదు. ఆయన పట్టు వదలక, కంపెనీ వారి మరొక పరిశోధనశాలకు మారి, 1971లో చేసి చూపించాడు. 1984 నాటికి బల్లమీద పెట్టుకోదగ్గ లేజర్ ప్రింటర్లు అమ్మకానికి వచ్చాయి. ఇంకొక తమాషా విన్నారా? కార్ల్‌సన్ మొదటి నకలు తీసిన 1938లోనే స్టార్క్‌వెదర్ పుట్టాడు!

చాచా నవ్వాడు. "మా దాదా రాసింది రాతిమీదికి ఎక్కించి అచ్చు వేసేటోళ్ళు. రాయికి నీళ్ళు పట్టిస్తే, నూనెసిరా రాతకే అంటుకునేది, తడిచోట అంటకపోయేది. ఇక్కడ నీళ్ళ పని కరెంటు చేస్తున్నది, అంతేనా?" అన్నాడు.

నేను లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాను. అంత చక్కగా నేను కూడా చెప్పలేను. నస్తాలీఖు అనే అందమైన ఏటవాలు రాతను సీసపు అక్షరాలుగా పోతపొయ్యటం కష్టం గనక, ఉర్దూ అచ్చుపని ఎన్నో ఏళ్ళు కాతిబుల చేతిమీదా, రాతిపలకల మీదా నడిచింది. చార్మినారు అవతలి ఛత్తా బజారు ఇప్పటికీ కాతిబులకూ, పెళ్ళికార్డుల అచ్చుకూ పేరుపడ్డది. లేజరు వచ్చాక ఆ చిక్కు తీరింది. దానికి ఏ అక్షరమూ రాదు గనక, అన్ని భాషలూ వచ్చినట్టే!

యంత్రం చల్లబడింది. చాచా తలుపు తెరిచి, డ్రమ్మున్న భాగాన్ని మెల్లగా బయటికి తీశాడు. ఎక్కువ వెలుతురు తగిలితే పూత పాడవుతుంది గనక దుకాణం షట్టరు సగం దించి, డ్రమ్ము మీద నల్లగుడ్డ కప్పాము. చిన్నమ్మాయి పూతను ముట్టుకోకుండా డ్రమ్ము చివర స్కేలు పెట్టి చూసింది.

"మూడు సెంటీమీటర్లు!" అని కేకపెట్టింది.

ఇక మచ్చ ఎక్కడున్నదో వెతకాలి. దానికి కూడా కాగితమే దారి చూపింది. చుక్క కాగితం అంచు నుంచి ఎంత దూరంలో ఉన్నదో, డ్రమ్ము మీద కూడా అంత దూరంలోనే చూడాలి. చాచా అంచున ఉన్న పళ్ళచక్రాన్ని పట్టుకుని డ్రమ్మును నెమ్మదిగా తిప్పాడు. సగం చుట్టు తిరిగేసరికి, ఆవగింజలో నాలుగోవంతు ఉన్న మచ్చ ఒకటి అందరికీ కనిపించింది.

చాచా నుదురు కొట్టుకున్నాడు. "అరే, గోందు! నిన్న ఎవరో వస్తే అంటుకునే కాగితాల మీద అడ్రసులు వేసి ఇచ్చిన. ఆ జిగురే ఇది!" అన్నాడు.

ఆ జిగురుకు ప్రతి చుట్టులోనూ పొడి అంటుకుంటున్నది. ప్రతి చుట్టులోనూ అది కాగితం మీద ముద్ర వేస్తున్నది. డ్రమ్ము ప్రతిసారీ ఒకేచోట మొదలుపెట్టి తిరగదు గనక, చుక్క ఒక కాగితంలో 95 మధ్యనా, ఒక కాగితంలో బుగ్గమీదా పడింది.

గోటితో గీకుదామని చాచా చెయ్యి పెట్టబోతే ఆపాను. గీత పడిందంటే ఆ గీతే మరొక దొంగ అవుతుంది! పుల్లకు పొడి దూది చుట్టి, మెల్లమెల్లగా తుడవమన్నాను. రుక్కాలలో చుక్కలు సరిచూసి సరిచూసి అలవాటుపడ్డ చెయ్యి అది. రెండు నిమిషాలలో మచ్చ వదిలిపోయింది.

డ్రమ్మును మళ్ళీ లోపల పెట్టి, కరెంటు వేశాము. యంత్రం కాసేపు గుర్రుమన్నది. ఫర్రుమని ఒక కాగితం వచ్చింది. అందరమూ దానిమీద వంగాము. మొదటి చుక్క చోటు ఖాళీ. రెండోదీ ఖాళీ. మూడోదీ ఖాళీ! 95 నిఖార్సుగా 95 లాగానే ఉన్నది.

పెద్దమ్మాయి నాలుగు కాగితాలూ పట్టుకుని ఆటో ఎక్కింది. నాలుగు కొట్టటానికి పది నిమిషాల ముందు ఫోను చేసి, "తీసుకున్నారు మామయ్యా!" అని చెప్పింది. చాచా రుక్కాలు మొదలుపెట్టాడు. కాని మొదటి రుక్కా రాగానే యంత్రం ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క మాటా, ఒక్కొక్క చుక్కా వేలు పెట్టి చదివిన తరువాతనే మిగిలినవి వేశాడు. యంత్రానికి చదువు రాదని ఇందాకనే విన్నాడు గదా!

చిన్నమ్మాయి దగ్గర మాత్రం డబ్బు తీసుకోలేదు. "స్కేలు ఫీజు" అంటూ ఒక కొత్త నోటుబుక్కు చేతిలో పెట్టాడు.

మీరు చేసి చూడండి

1. పది తెల్ల కాగితాలు సమంగా పేర్చండి. పైకాగితం మీద పెన్సిలు చెరిపే రబ్బరు ఆనించి మెల్లగా ముందుకు తొయ్యండి. ఎన్ని కాగితాలు కదిలాయి? ఆ తరువాత రబ్బరుకు బదులు పెన్సిలు వెనకభాగంతో తోసి చూడండి. తేడా ఏమిటి? ఇప్పుడు కాగితాల అంచులకు కొంచెం నీళ్ళు తడిచేసి మొదటిలాగే తొయ్యండి. వానాకాలంలో చాచా పడే బాధ మీకే తెలుస్తుంది.

2. ప్లాస్టిక్కు స్కేలును పొడిజుట్టు మీద బాగా రుద్ది, సన్నగా చించిన కాగితం ముక్కల మీద పట్టండి. ముక్కలు ఎగిరి అంటుకుంటాయి. తరువాత స్కేలును తడిచేత్తో ఒకసారి నిమిరి మళ్ళీ పట్టండి. విద్యుత్తు మీ చేతిలోంచి జారిపోతుంది, స్కేలు ముక్కలను లాగదు. లేజర్ కిరణం డ్రమ్ము మీద చేసేది కూడా ఇంచుమించు ఇదే.

ఒక హెచ్చరిక: పెద్దవాళ్ళు దగ్గర లేకుండా ప్రింటరును తెరవకండి. లోపల వేడి ఉంటుంది, విద్యుత్తు ఉంటుంది. లేజరున్న పెట్టెను పెద్దవాళ్ళు కూడా విప్పరాదు, ఆ కిరణం కంటికి కనిపించకుండానే కంటిని చెరుపుతుంది.

ఈ నెల ప్రశ్న: మీ ఊళ్ళో ఒక ప్రింటరు వేసిన కాగితం మీద 7.5 సెంటీమీటర్లకు ఒక్కొక్క చుక్క పడుతున్నదనుకోండి. దొంగ డ్రమ్మే అయితే, దాని వ్యాసం ఎంత? ఎ4 కాగితం ఒకటి పూర్తయ్యేలోగా అది ఎన్ని చుట్లు తిరుగుతుంది? లెక్క కట్టి, ఎలా కట్టారో వివరంగా రాయండి.